ఇంటికి దూరంగా ఉన్న కాలేజీ క్రీడాకారులకు మీ ఇంట్లో ‘వారం’ ఇవ్వడం ఎలా?

“మా ఇంట్లో ఖాళీ గది లేదండీ, మేం కూడా చేయొచ్చా?” “ముక్కూ మొహం తెలియని పిల్లల్ని ఇంట్లోకి ఎలా రానిస్తాం?” “ఆటలాడే వాళ్ళు ఏం తింటారో మాకేం తెలుసు?” విజయవాడ పటమటలోని మా ఇంటికి ప్రతి ఆదివారం హాస్టల్ పిల్లలు భోజనానికి వస్తారని తెలిసిన దగ్గర్నుంచి నన్ను అందరూ ఈ మూడే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

గది అక్కర్లేదు. మన తాతల రోజుల్లో పల్లెల నుంచి బెజవాడ, గుంటూరు వచ్చి చదువుకున్న పేద పిల్లలు వారాలు చేసుకునేవాళ్ళు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. అన్నం పెట్టిన వాళ్ళు గది ఇవ్వలేదు, ఫీజు కట్టలేదు, వారానికి ఒక రోజు విస్తరి వేశారు. అమెరికాలో కేప్ కాడ్ బేస్‌బాల్ లీగ్ ఆడటానికి వచ్చే కాలేజీ కుర్రాళ్ళు వేసవి పొడుగునా అక్కడి ఊరివాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటారు, పడుకునేది కూడా అక్కడే. మన పిల్లలకు హాస్టల్ ఉంది, మెస్ ఉంది. లేనిదల్లా తమకోసం ఎదురుచూసే ఒక ఇల్లు. అందుకే నేను దీన్ని పాత పేరుతోనే ‘వారం’ అంటాను.

ఎవరికి అవసరం అంటారా? నాగార్జున విశ్వవిద్యాలయం, వడ్డేశ్వరం కేఎల్, వడ్లమూడి విజ్ఞాన్, ఊళ్ళో లయోలా, మేరిస్ స్టెల్లా. వీటిలో ఏ గ్రౌండ్‌కైనా తెల్లవారుజామున వెళ్ళి చూడండి. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు పరిగెడుతూ కనిపిస్తారు. మిగతా విద్యార్థులు పండక్కి బ్యాగు సర్దుకుని ఊరెళ్ళిపోతారు. యూనివర్సిటీల మధ్య జరిగే పోటీలు ఎక్కువగా చలికాలంలోనే ఉంటాయి కాబట్టి వీళ్ళలో చాలామందికి సంక్రాంతి క్యాంపులోనే గడిచిపోతుంది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా అథ్లెటిక్స్ 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచినప్పుడు మనమందరం చప్పట్లు కొట్టాం. ఆమె శిక్షణ కోసం చిన్న వయసులోనే ఇల్లు వదిలి హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్ళింది. పతకం దాకా వెళ్ళని పిల్లలు కూడా అదే వయసులో, అలాగే ఇల్లు వదిలి వస్తున్నారు.

కావలసినవి

- ఇంట్లో అందరి ఒప్పుదల. అత్తగారు, పిల్లలు కూడా ఒప్పుకోవాలి
- వారంలో మారని ఒక పూట
- కాలేజీ ఫిజికల్ డైరెక్టర్, అంటే పిల్లలు పీడీ సార్ అని పిలిచే ఆయన అనుమతి
- పీడీ, హాస్టల్ వార్డెన్, పిల్లవాడి తల్లిదండ్రులు, ఈ ముగ్గురి ఫోన్ నంబర్లు
- ఒక చిన్న నోట్‌బుక్
- ఫ్రిజ్‌లో ఐసు, ఇంట్లో నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు
- మామూలుకన్నా కొంచెం పెద్ద కుక్కర్. ఇద్దరు పిల్లలు వస్తే నలుగురికి సరిపడా బియ్యం పోయండి

1. ఇంట్లో తేల్చుకోండి

ఏ రోజు, ఎంతమంది, ఎన్ని నెలలు అనేది ముందే అనుకోండి. మొదట ఒక సెమిస్టర్‌కు మాత్రమే ఒప్పుకోండి. “నువ్వెప్పుడైనా రావచ్చు బాబూ” అనే మాట వినడానికి బాగుంటుంది కానీ ఆ పిల్లవాడు ఎప్పటికీ రాడు. “ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి” అంటే వస్తాడు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. కంచం వేరు, గ్లాసు వేరు అనే పట్టింపు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే దయచేసి ఈ పని మొదలుపెట్టొద్దు. నెలసరి రోజుల్లో అమ్మాయిని గుమ్మం బయట కూర్చోబెట్టే ఇల్లయినా అంతే. ఆకలికి ఓర్చుకోగలిగిన పిల్లలు కూడా అవమానానికి ఓర్చుకోలేరు.

2. పీడీ గారి ద్వారా వెళ్ళండి

గ్రౌండ్‌లో బాగా ఆడుతున్న అబ్బాయిని చూసి నేరుగా ఇంటికి పిలవకండి. ఉద్దేశం మంచిదే అయినా కాలేజీకి అనుమానం వస్తుంది, పిల్లవాడికి మాట వస్తుంది. పీడీ గారిని కలిసి, ఎవరికి అవసరం ఎక్కువగా ఉందో ఆయన్నే చెప్పమనండి. ఆయన సాధారణంగా స్టార్ ఆటగాడి పేరు చెప్పరు. మొదటి ఏడాది వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, నెలలో మూడు కిలోలు తగ్గిపోయిన పిల్లవాడి పేరు చెప్తారు. ఆ పిల్లవాడినే తీసుకోండి.

హాస్టల్ నుంచి బయటికి రావాలంటే ఔట్‌పాస్ కావాలి. అది ఎన్నింటి వరకు ఉంటుందో వార్డెన్‌ను అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ ఆధార్ నకలు, చిరునామా మీరే ముందుగా ఇవ్వండి, వాళ్ళు అడిగే దాకా ఆగొద్దు.

హెచ్చరిక: 18 ఏళ్ళు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఏ వయసు వాళ్ళయినా సరే, ఇంట్లో ఒక్క పెద్దమనిషి మాత్రమే ఉన్న రోజు పిలవొద్దు. ఈ నియమం మీ మీద అనుమానంతో పెట్టింది కాదు. ఆ తల్లి అక్కడ టెన్షన్ పడకుండా నిద్రపోవడానికి.

3. తల్లిదండ్రులకు ఫోన్ చేయండి

వీడియో కాల్ చేసి ఇల్లు, వంటగది, ఇంట్లో మనుషులను చూపించండి. రెండు నిమిషాలు చాలు. “మీ అబ్బాయికి ఏం పడదు?” అని అడగండి. అమ్మ చెప్పేది పిల్లలు చెప్పరు. వేరుశెనగ పడదనో, వంకాయ తింటే దురద వస్తుందనో అమ్మకే తెలుసు.

4. మొదటిసారి ఇద్దరిని పిలవండి

ఒక్కడినే పిలిస్తే సోఫా అంచున కూర్చుని, అడిగిన దానికి తల ఊపి వెళ్ళిపోతాడు. రూమ్‌మేట్‌నో, టీమ్‌మేట్‌నో వెంట తెచ్చుకోమనండి. మొదటి రోజు చుట్టాలను పిలిచి “మా ఇంటికి నేషనల్ ప్లేయర్ వచ్చాడు” అని చూపించుకోవద్దు. ఫొటోలు వద్దు. తర్వాతైనా ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తే పిల్లవాడిని అడిగి పెట్టండి.

అడగాల్సినవి: ఏ ఆట, బరువు చూసే ఆటేనా, ఈ నెలలో పోటీ ఎప్పుడు, మాంసం తింటావా, కారం ఎంత తింటావు, ఏవైనా మందులు వాడుతున్నావా.

అడగకూడనివి: ఇంటిపేరు పట్టుకుని “మీరేవాళ్ళు?” అనే ప్రశ్న. అది ఎందుకు అడుగుతున్నామో పిల్లలకు బాగా తెలుసు. నాన్న జీతం, అక్క పెళ్ళి, “ఆటలతో ఉద్యోగం వస్తుందా?” ఇవి కూడా వద్దు. చివరి ప్రశ్న వాళ్ళు రోజూ రాత్రి తమను తాము అడుగుకునేదే.

5. వంట

అందరూ ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. మా ఇంటికి వచ్చిన మొదటి అబ్బాయి వెయిట్‌లిఫ్టర్. ఉగాది వచ్చిందని బొబ్బట్లు చేసి, వద్దంటున్నా కంచంలో మరో రెండు వేశాను. రెండు రోజుల్లో పోటీ ఉందని, వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీకి రెండు గంటల ముందు బరువు చూస్తారని నాకు తెలియదు. కాదంటే నేను బాధపడతానని అతను తిన్నాడు. ఆ రాత్రి రెండు స్వెట్టర్లు వేసుకుని గ్రౌండ్ చుట్టూ పరిగెత్తాడని తర్వాత పీడీ గారు చెబితే తెలిసింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ కొసరి వడ్డించరు.

కాబట్టి మొదటి నియమం: గిన్నెలు మధ్యలో పెట్టండి, వాళ్ళే వడ్డించుకుంటారు. వెయిట్‌లిఫ్టింగ్, బాక్సింగ్, రెజ్లింగ్, జూడో, కబడ్డీ ఆడే పిల్లలకు బరువు లెక్క ఉంటుంది. పోటీ వారంలో వాళ్ళు రెండు ముద్దలు తిని లేచినా ఏమీ అనొద్దు. ఆ వారం ఊరగాయ, అప్పడాలు, వడియాలు బల్ల మీద పెట్టకండి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి బరువు పెరుగుతుంది.

మామూలు ఆదివారాల్లో ప్రత్యేకంగా చేయాల్సింది ఏమీ లేదు. ముద్దపప్పు, నెయ్యి, ఆకుకూర, కోడికూరో గుడ్డు పులుసో, గడ్డపెరుగు చాలు. గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, 100 గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాములు. మాంసం తినని పిల్లవాడికి పెసరట్టు, పప్పు, పెరుగు, వేయించిన శెనగలు పెడితే లోటు రాదు. మెస్‌లో వాళ్ళకు దొరకనివి తాజా ఆకుకూర, పండు, చిక్కటి పెరుగు. వాటి మీద దృష్టి పెట్టండి. బిర్యానీ బయట ఎక్కడైనా దొరుకుతుంది.

కారం విషయం మర్చిపోవద్దు. గుంటూరు మిరపకాయతో పెరిగిన మనకు తక్కువ అనిపించింది హర్యానా అబ్బాయికి కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది. కూర సగం కారంతో వండి, కారప్పొడి పక్కన పెట్టండి.

సాయంత్రం ప్రాక్టీస్ ఉంటే దానికి మూడు గంటల ముందే భోజనం ముగియాలి. ఆలస్యమైతే కడుపు నిండా పెట్టకుండా ఇడ్లీలు, అరటిపండు ఇచ్చి పంపి, అన్నం, కూర డబ్బాలో కట్టండి. ప్రాక్టీస్ అయ్యాక తింటే అదే వాళ్ళకు మేలు.

ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండ మనకు తెలిసిందే, 45 డిగ్రీలు దాటిన రోజులూ ఉన్నాయి. ఇంటికి రాగానే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఇవ్వండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు కొలత దాటొద్దు.

6. మందులు, గసగసాలు: ఇది రెండుసార్లు చదవండి

డోపింగ్ నియమం చాలా కఠినం. ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది తర్వాతి మాట. బాధ్యత మాత్రం క్రీడాకారుడిదే. “ఆంటీ ప్రేమగా ఇచ్చారు” అంటే వినరు. ఏళ్ళ కష్టం ఒక్క చెంచా సిరప్‌తో పోతుంది.

- మెడికల్ షాపులో దొరికే దగ్గు సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటలిన్ ఉంటుంది. అది నిషేధిత జాబితాలో ఉంది. మీ ఇంట్లో ఉన్న సీసా తీసి ఇవ్వకండి.
- జలుబుకు వాడే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. పోటీ సమయంలో అది మోతాదు దాటితే తప్పు. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు కూడా పోటీల్లో నిషేధం.
- ‘బలానికి’ అని అమ్మే లేహ్యాలు, పొడులు, జిమ్ డబ్బాలు ఇవ్వొద్దు. లోపల ఏముందో లేబుల్ మీద అంతా రాసి ఉండదు.
- గసగసాలు. కోడికూరలో, కుర్మాలో మనం నూరి వేసేవే. వాటివల్ల మూత్రంలో మార్ఫిన్ జాడ కనిపించవచ్చు, మార్ఫిన్ పోటీ రోజుల్లో నిషేధం. పోటీకి వెళ్ళే వారంలో గసగసాలు లేకుండా వండండి. జీడిపప్పో, కొబ్బరో నూరి వేస్తే కూర చిక్కగానే వస్తుంది.

జ్వరం వస్తే ఏం చేయాలి? పీడీకో, టీమ్ డాక్టర్‌కో ఫోన్ చేయండి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడాకు ‘నో యువర్ మెడిసిన్’ అనే యాప్ ఉంది. మందు పేరు కొడితే నిషేధం ఉందో లేదో చెప్తుంది. దాన్ని పిల్లవాడి చేతే చూడమనండి, ఆ అలవాటు అతనికి జీవితాంతం పనికొస్తుంది. బయటి డాక్టర్ దగ్గరకు వెళ్ళాల్సి వస్తే లోపలికి వెళ్ళగానే “ఇతను క్రీడాకారుడు” అని చెప్పండి.

7. దెబ్బ తగిలి వస్తే

చీలమండ బెణికినా, మోకాలు వాచినా గుడ్డలో చుట్టిన ఐసు 15–20 నిమిషాలు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. వేడి నూనెతో మర్దన చేయొద్దు. పుత్తూరు కట్టు మీద మీకు ఎంత నమ్మకం ఉన్నా, కోచ్‌తో మాట్లాడకుండా మీరే తీసుకెళ్ళి కట్టు వేయించకండి. లోపల లిగమెంట్ తెగి ఉంటే ఆలస్యమైన ప్రతి వారం లెక్కలోకి వస్తుంది. కాలు మోపలేకపోతున్నా, తలకు దెబ్బ తగిలి వాంతి అయినా ఎదురుచూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

8. రాకపోకలు

మన రాష్ట్రం అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ ఉంటే చాలు. వేరే రాష్ట్రాల అమ్మాయిలు, అబ్బాయిలందరూ టికెట్ కొనాలి. ఆ బస్సు చార్జీ కూడా కొందరికి బరువేనని గుర్తుంచుకోండి. డబ్బు చేతిలో పెడితే తీసుకోరు, నొచ్చుకుంటారు. నడవగలిగే దూరంలో ఉన్న పిల్లవాడిని అడగడం మంచి మార్గం. బందరు రోడ్డు ఇందిరాగాంధీ స్టేడియంలో ప్రాక్టీస్ చేసేవాళ్ళకు లబ్బీపేట ఇల్లు, బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఉండేవాళ్ళకు గుంటూరు ఇల్లు అయితే అసలు సమస్యే రాదు.

దసరాలో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, విజయవాడలో దుర్గమ్మ కొండ చుట్టూ దారులు మళ్ళిస్తారు. ఆ వారం భోజనం డబ్బాలో కట్టి మీరే హాస్టల్‌కు తీసుకెళ్ళండి.

9. రాత్రి ఉండాల్సి వస్తే

తెల్లవారుజామున రైలు ఉందనో, హాస్టల్ సెలవులకు మూసేశారనో ఒకటి రెండు రాత్రులు ఉండాల్సి రావచ్చు. వార్డెన్‌కు, తల్లిదండ్రులకు మెసేజ్ పెట్టాకే ఒప్పుకోండి. గడియ పెట్టుకోగలిగే గది ఇవ్వండి. మీకు హాలు మాత్రమే ఉంటే అమ్మాయిలను రాత్రి ఉంచుకోవద్దు, ఇంకో కుటుంబాన్ని అడగండి. విదేశీ విద్యార్థి అయితే ఒక్క రాత్రి బసకైనా 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో అధికారులకు తెలియజేయాలి. ఈ నియమం హోటళ్ళకే కాదు, ఇళ్ళకూ ఉంది. మధ్యాహ్నం భోజనానికి ఇదేమీ అక్కర్లేదు.

10. ఓడిపోయి వచ్చిన ఆదివారం

గెలిచి వస్తే ఏం చేయాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఓడిపోయి వచ్చిన రోజు “ఎన్నో స్థానం వచ్చింది?” అని గుమ్మంలోనే అడగకండి. అన్నం పెట్టండి, టీవీ పెట్టండి, మీ అబ్బాయితో క్యారమ్స్ ఆడనివ్వండి. చెప్పాలనిపిస్తే చేయి కడుక్కునేటప్పుడు చెప్తాడు. నాకు చాలా సంగతులు ఆ కుళాయి దగ్గరే తెలిశాయి. “వచ్చేసారి గెలుస్తావులే” అనే మాట కూడా వద్దు, వచ్చేసారి ఎంత కష్టమో మనకన్నా వాళ్ళకే తెలుసు.

రెండు మూడు వారాలు వరసగా నిద్రపట్టడం లేదన్నా, తిండి మానేసినా, ఆట మానేసి చనిపోవాలనిపిస్తోందన్నా దాన్ని మీ దగ్గరే దాచుకోకండి. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. తల్లిదండ్రులకు చెప్పాల్సిన మాట అయితే పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పండి.

తరచుగా జరిగే పొరపాట్లు

రోజు మార్చడం అన్నిటికన్నా పెద్దది. “ఈ ఆదివారం పెళ్ళి ఉంది, వచ్చే ఆదివారం చూద్దాం” అని రెండుసార్లు అంటే మూడోసారి ఆ పిల్లవాడే ఏదో సాకు చెప్తాడు. మీరు ఊళ్ళో లేకపోతే పక్కింటివాళ్ళకో, చెల్లెలికో ఆ పూట అప్పజెప్పండి. విందు తగ్గినా పరవాలేదు, రోజు తప్పకూడదు.

కోచింగ్ చేయడం ఇంకొకటి. ముఖ్యంగా మగవాళ్ళు. టీవీలో మ్యాచ్ చూసి “నువ్వు బ్యాక్‌హ్యాండ్ ఇలా కొట్టాలి” అంటారు. వాళ్ళకు కోచ్ ఉన్నాడు.

పనులు చెప్పడం. కంచం కడుగుతానంటే కడగనివ్వండి, అది ఇల్లనుకున్నందుకు గుర్తు. గ్యాస్ సిలిండర్ మోయించడం, మీ పిల్లలకు ట్యూషన్ చెప్పించడం మాత్రం అన్నానికి బదులు తీసుకోవడమే. అప్పులు ఇవ్వొద్దు. షూ చిరిగిపోయిందని తెలిస్తే పీడీ గారి ద్వారా కొనివ్వండి.

సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

రెండు నెలలయ్యాక ఇవి చూసుకోండి. వచ్చిన పిల్లవాడు “చాలు ఆంటీ” అని భయం లేకుండా అంటున్నాడా? ఫ్రిజ్ తీసి తనే నీళ్ళు తాగుతున్నాడా? రాలేకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్తున్నాడా? మీ ఇంట్లో పిల్లలు వాడితో పోట్లాడుతున్నారా? ఇవన్నీ మంచి గుర్తులు. ఫొటోలు, థాంక్యూ మెసేజ్‌లు లెక్కలోకి రావు. పీడీ గారిని కూడా అడగండి: బరువు నిలబడిందా, ప్రాక్టీస్‌కు సరిగ్గా వస్తున్నాడా అని.

నాలుగైదు ఆదివారాలు గడిచినా పిల్లవాడు బిగుసుకునే కూర్చుంటుంటే, మీ తప్పూ కాదు, అతని తప్పూ కాదు. కొన్ని ఇళ్ళు కొందరికి కుదరవు. పీడీ గారితో చెప్పి, వాళ్ళ భాష మాట్లాడే కుటుంబానికి మార్పించండి. గుంటూరులో, విజయవాడలో మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు ఉన్నాయి. రోటీ తిని పెరిగిన పిల్లలకు ఆ ఇల్లు తొందరగా కలిసిపోతుంది.

చివరి సంవత్సరం పరీక్షలకు ఒక నెల ముందు, ఆ పిల్లవాడిని, హాస్టల్‌లో కొత్తగా చేరిన జూనియర్‌ను ఒకసారి వెంట తీసుకురమ్మనండి. దారి చూపించడం, ఎవరికి కారం పడదో చెప్పడం, చెప్పులు ఎక్కడ విప్పాలో చూపించడం అన్నీ అతనే చేస్తాడు. మీరు కుక్కర్‌లో ఇంకో గ్లాసు బియ్యం పోయండి.